మూత మీద బొట్టు

మంగళవారం. మధ్యాహ్నం ఒంటిగంటా ఏడు నిమిషాలు. ఉప్పల్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ పార్కింగ్.

తెల్ల హైబ్రిడ్ కారు వెనక సీట్లో డెబ్బయ్యొక్కేళ్ల నరసింహమూర్తి చనిపోయి ఉన్నాడు.

అద్దాలన్నీ మూసి ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద బండి ఆన్‌లో ఉందని చెప్పే రెడీ లైటు వెలుగుతూనే ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. దాంట్లోంచి వస్తున్నది మాత్రం వడగాలి. బయట నలభై మూడు డిగ్రీలు. లోపల ఎంత ఉందో ఊహించడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చి, ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి వెళ్లింది కన్నకూతురు గీతిక. ఏసీ వేసే వెళ్లింది. రిపోర్టులు తెచ్చుకోవడం పది నిమిషాల పని అనుకుంది. పైన సర్వర్ డౌన్ అన్నారు. యాభై నిమిషాలు పట్టింది. లిఫ్టు చెడిపోయింది, పక్షవాతం మనిషిని రెండో అంతస్తుకి ఎక్కించడం ఆమె ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. ఆయనకి మాట పడిపోయి రెండేళ్లు. కుడి చెయ్యి ఒక్కటే ఆడుతుంది. ఆ పక్క తలుపుకి చైల్డ్ లాక్, అద్దం స్విచ్‌కి లాక్ వేసింది కూడా గీతికే. బండి పోతుండగా తెరుచుకుని పడిపోతాడేమోనని భయం.

పార్కింగ్‌లో మనుషులు లేక కాదు. ఎవరి ఫోన్లు వాళ్లవి.

గురువారం కంపెనీ నిపుణుడి రిపోర్టు వచ్చింది. ఏసీ కంప్రెసర్‌లో ఉండకూడని ఆయిల్ ఉందన్నాడు. ఆ ఏసీని చావుకి మూడు రోజుల ముందు, శనివారం నాడు బాగుచేసినవాడు నాచారం మెకానిక్ బిక్షపతి. సాయంత్రం ఆరింటికి అతన్ని అరెస్టు చేశారు. షాపు సీల్ చేశారు. శుక్రవారం ఆరు లోపల మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి.

ఎస్సై రాజశ్రీ చేతిలో ఇంక మిగిలింది ఒక్క పగలు. పైవాళ్లు అయితే ఆ పగలు కూడా అక్కర్లేదన్నారు. రిపోర్టు ఉంది, మనిషి ఉన్నాడు, ఇంకేం కావాలన్నారు. ఆమెకి మాత్రం ఎక్కడో నలకలా గుచ్చుకుంటోంది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి స్టేషన్ మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. బిక్షపతి భార్య సారలమ్మ. రాత్రంతా అక్కడే ఉందని సెంట్రీ చెప్పాడు.

"ఏమైనా తిన్నావా అమ్మా?"

"తినబుద్ధైతలేదు మేడమ్. మా ఆయన ఇరవై రెండేండ్లాయె గీ పని జేయవట్టి. ఒక్క బండి వాపస్ రాలె. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులల్ల ఆయన ఫోటో పెట్టి పానం దీసిండని రాస్తున్రు. నా బిడ్డ బడికి పోనంటుంది."

రాజశ్రీ లోపలికి వెళ్లి బిక్షపతిని బయటికి రప్పించింది. చిన్న మనిషి. గోళ్ల సందుల్లో నలుపు. కళ్లు వాచిపోయాయి.

"ఆయిల్ ఎందుకు మార్చావ్?"

"మార్చలే మేడమ్."

"రిపోర్టు అబద్ధమా?"

"రిపోర్టు నిజమే అయితది. పోసింది నేను గాదు."

"తేడా ఏంటో నాకు అర్థమయ్యేలా చెప్పు."

"మామూలు కార్లల్ల కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పుతది. దీంట్ల కరెంటు మోటర్ తిప్పుతది. రెండొందల ఓల్టుల పైన. ఆ మోటర్ ఆయిల్‌లనే మునిగుంటది మేడమ్. గందుకే దీని ఆయిల్ వేరు, కరెంటును పారనియ్యది. మామూలు ఏసీ ఆయిల్ కలిసిందనుకో, కరెంటు బాడీకి లీకైతది. కంప్యూటర్ కనిపెట్టి ఏసీ బంద్ జేస్తది."

"పోసిన వెంటనే ఆగిపోతుందా?"

"కాదు. కలిసేదాక నడుస్తది. అర్ధగంట కావచ్చు. మొదట్ల అయితే మస్తు చల్లగొస్తది."

రాజశ్రీ పెన్ను ఆగింది. శనివారం పోసిన ఆయిల్ మంగళవారం మధ్యాహ్నం దాకా ఎందుకు ఊరుకుంది?

"బండి దగ్గరికి పోదాం. నాకు చూపించు" అంది.

పదకొండుంపావు. స్టేషన్ వెనక ఖాళీ జాగాలో, క్రేన్‌తో లాగించి తెచ్చిన కారు. గీతిక భర్త తేజేష్ కూడా వచ్చి ఉన్నాడు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కేసు పెట్టిందీ, నాలుగు రోజులుగా పై అధికారులకి ఫోన్లు చేయిస్తున్నదీ అతనే.

"చంపినవాడి చేతికే బండి ఇస్తారా మేడమ్? ఇదెక్కడి ఇన్వెస్టిగేషన్?"

"చూస్తూ ఉండండి. వీడియో కూడా తీస్తున్నాం."

బిక్షపతి రబ్బరు గ్లవ్స్ తొడుక్కున్నాడు. వెనక డిక్కీ తెరిచి బ్యాటరీ ప్లగ్ పీకి జేబులో వేసుకున్నాడు. తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం, మొదలుపెట్టవా?"

"పది నిమిషాలు ఆగాలె మేడమ్. లోపల కరెంటు దిగాలె. నా పానం మీదికొచ్చినా నేను పది నిమిషాలు ఆగుత."

ఇలా ఎండలో నిలబడి పది నిమిషాలు ఆగేవాడు, వంద రూపాయలు మిగులుతాయని తప్పు ఆయిల్ పోస్తాడా? రాజశ్రీకి నమ్మబుద్ధి కాలేదు. కానీ నమ్మకాలు కోర్టులో పనికిరావు.

కరెంటు లీకవకుండా ఆపే శక్తిని కొలిచే మీటరు పెట్టి చూశాడు. రీడింగ్ అడుగంటింది. రిపోర్టు నిజమే. తర్వాత స్కానర్ పెట్టాడు. కంప్యూటర్లో తప్పు మొదటిసారి నమోదైనప్పటి కిలోమీటర్లు నలభై ఒక్కవేల మూడొందల తొంభై. ఇప్పుడు బండి మీటర్లో ఉన్నదీ అదే అంకె. శనివారం నాటి బిల్లు మీద బిక్షపతి రాసింది నలభై ఒక్కవేల మూడొందల పదకొండు.

అంటే డెబ్బైతొమ్మిది కిలోమీటర్లు ఏసీ శుభ్రంగా నడిచింది. చెడిపోయింది పార్కింగ్‌లో నిలబడ్డాకే.

రాజశ్రీ బానెట్ మీదికి వంగింది. గ్యాస్ ఎక్కించే పైపు మూత. దాని మీద కుంకుమ.

"ఇదేంటి?"

"బొట్టు మేడమ్. పని అయినంక మూత బిగిచ్చి, ఇంట్ల పెద్దోళ్లతోని బొట్టు వెట్టిపిస్త. నూనెల కలిపి పెడ్తం, చెరగది. ఆ రోజు పెద్దసారుతోనే పెట్టిపిచ్చిన. ఫోటో గూడ తీసిన."

"చూపించు."

సీజ్ చేసిన ఫోన్ కవర్లోంచి తీయించింది. శనివారం, నాలుగూ ఇరవై. చక్రాల కుర్చీలో నరసింహమూర్తి. వణుకుతున్న కుడిచేతి వేలు పైపు మూత మీద. బొట్టు పొడుగ్గా జారింది. సగం మూత మీద, సగం పైపు మీద. రెండూ కలిసి ఒకటే గీత.

రాజశ్రీ తన ఫోన్లో క్లూస్ టీం ఫోటో తెరిచింది. మంగళవారం, మూడూ యాభై. అప్పటికింకా బండిని ఎవరూ ముట్టుకోలేదు. బానెట్ ఎత్తగానే తీసిన మొదటి ఫోటో అది. నాలుగు రోజులుగా ఆమె దాన్ని పదిసార్లు చూసింది. దేవుడి బొట్టు కదా అని కళ్లు దాటేశాయి.

పైపు మీద సగం బొట్టు అలాగే ఉంది. మూత మీది సగం పక్కకి తిరిగిపోయి ఉంది.

శనివారం తర్వాత ఎవరో మూత తీశారు. తీసి మళ్లీ బిగించారు.

"దొంగనోట్లు చూసే టార్చి పట్రండి" అంది కానిస్టేబుల్‌తో.

నీలి వెలుతురు పడగానే పైపు మూతి చుట్టూ పచ్చగా మెరిసింది.

"గది రోడ్డు మీద కొట్టే గ్యాస్ డబ్బా మేడమ్" అన్నాడు బిక్షపతి. "గ్యాస్, ఆయిల్, పచ్చరంగు, మూడూ ఒక్క డబ్బాలనే ఉంటయ్. నా షాపు మీరే సీల్ జేసిన్రు గద. ఎతికి సూడున్రి, ఒక్కటి దొరకది."

తేజేష్ కూడా దగ్గరికొచ్చి వంగి చూశాడు.

మన ఊళ్లో ఏసీకి ఏ రోగం వచ్చినా మందు ఒక్కటే, గ్యాస్ కొట్టించడం. టైరులో గాలి కొట్టించినంత తేలిక. గీతిక ఇల్లున్న పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ దాకా రాజశ్రీ అలాంటి దుకాణాలు మూడు చూసింది. మూడోదాంట్లో పచ్చ మూతల డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. దుకాణం నడిపేవాడు సురేష్.

"మంగళవారం తెల్ల హైబ్రిడ్ కారు వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. ఒక మేడమ్ తెచ్చింది. మస్తు తొందరల ఉండె. ఎన్క సీట్ల పెద్దాయనున్నడు."

"టైమ్?"

"పన్నెండు అయితుండె. పది, పన్నెండు నిమిషాలు తక్కువ."

"అది కరెంటు కంప్రెసర్ అని తెలీదా?"

"ఏసీ అంటే ఏసీనే గద మేడమ్. అందరికీ గదే కొడ్త." అతనికి ఇంకా ఏమీ అర్థం కాలేదు. రాజశ్రీ చెప్పింది. చేతిలో డబ్బా కింద పెట్టి, అక్కడే పాత టైరు మీద కూలబడ్డాడు.

తిరిగి వస్తుంటే రాజశ్రీకి మొదటిసారి అనిపించింది, ఎవడో ఒక దుర్మార్గుడు దొరికితే ఎంత బాగుండునని. ఆస్తి కోసమో, కక్షతోనో చంపినవాడు. అలాంటివాడిని లాకప్‌లో వేసి ఇంటికెళ్లి అన్నం తినొచ్చు.

సాయంత్రం నాలుగున్నర. ఎస్సై గది. గీతిక, తేజేష్, బిక్షపతి, తలుపు దగ్గర సారలమ్మ. ఒక మూల బెంచీ మీద సురేష్.

సురేష్‌ని చూడగానే గీతిక గుర్తుపట్టింది. ఎందుకున్నాడో మాత్రం ఆమెకి తెలియలేదు.

"ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరారు?"

"పదకొండున్నరకండీ."

"సెంటర్‌కి చేరింది?"

"పన్నెండూ పది."

"పావుగంట దారి. నలభై నిమిషాలు ఎందుకు పట్టింది?"

"ట్రాఫిక్ అని చెప్పానండీ. ఫ్లైఓవర్ పిల్లర్ల కింద..." ఆగిపోయింది. "మధ్యలో గ్యాస్ కొట్టించానండీ. అది కూడా చెప్పాలా? మీరు అడగలేదు. నాన్నకి చెమటలు పడుతున్నాయి. బండి ఎండలో ఉంది కదా, చల్లబడట్లేదనిపించింది. గ్యాస్ కొట్టించాక చక్కగా చల్లగా వచ్చింది. అందుకే ధైర్యంగా వదిలి వెళ్లాను."

రాజశ్రీ రెండు ఫోటోలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. బొట్టు చూపించింది. మూత చూపించింది. పచ్చరంగు గురించి చెప్పింది. కిలోమీటర్లు చెప్పింది. ఒక్కో మాటా మెల్లగా చెప్పింది. ఎంత మెల్లగా చెప్పినా చివరికి అక్కడికే చేరింది.

తేజేష్ భార్య వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. అది అందరికీ కనిపించింది, గీతికకి కూడా.

"బిక్షపతీ, నువ్వు వెళ్లొచ్చు. కాగితాలు నేను చూసుకుంటాను" అంది రాజశ్రీ.

అతను కదల్లేదు. సారలమ్మ వచ్చి చెయ్యి పట్టుకున్నా కదల్లేదు.

"తప్పు నాది గూడ ఉంది మేడమ్. ఈ బండికి బయట గ్యాస్ కొట్టియ్యొద్దని చెప్పాలె."

"చెప్పలేదా?"

"చెప్పిన. పెద్దసారుకు చెప్పిన." అతను గీతికని చూపించాడు. "అమ్మ ఫోన్ల మాట్లాడుతుండె. సారు పని జేసినంతసేపు నా పక్కనే కూసున్నడు. ఆయన నాచారం ఫ్యాక్టరీల కంప్రెసర్ల కాడ ముప్పై ఏండ్లు జేసిండంట గద, మిషిన్ అంటే మస్తు ఇష్టం. నాకు గూడ సూసేటోడు దొరికిండని అన్నీ చెప్పుకుంట పోయిన. ఈ బండి ఆయిల్ డబ్బా చేతికిచ్చిన. సార్, ఇది దప్ప ఇంకోటి పోస్తే బండి ఖరాబైతదన్న. తలూపిండు. ఆయనకు సమజైంది. ఇంటికి వోయినంక ఎవలికి ఎట్ల చెప్తడని నేను సోచాయించలె."

గీతిక తలెత్తింది. కళ్లలో నీళ్లు లేవు. ఏదో గుర్తొచ్చినట్టు కుడి చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"గ్యాస్ కొడుతున్నంతసేపూ అద్దం మీద కొట్టాడండీ" అంది. "నాన్న. ఆ చేత్తోనే. ఆపకుండా కొట్టాడు. నాకేసి చూస్తూ కొట్టాడు."

ఎత్తిన చెయ్యి మెల్లగా ఒళ్లోకి దించుకుంది.

"ఉక్కపోస్తోందేమో అనుకున్నాను. ఇంకో డబ్బా కూడా ఎక్కించమన్నాను."

మూల బెంచీ మీద సురేష్ తల దించుకుని, అవునన్నట్టు ఊపాడు.