ఎనిమిదా, పదహారా

పొద్దున్నే లాప్‌టాప్ మూత తెరిచి, వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టడం ఆమెకు అలవాటు. టీ మరిగి, వడగట్టి, నాలుగు కప్పుల్లో పోసేసరికి ఆ ముసలి యంత్రం బద్ధకం వదిలించుకుని పనిలోకి వచ్చేది. ఈ మధ్య అదీ లేదు. అందరూ టీ తాగి, కప్పులు కడిగి బోర్లించాక కూడా తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంటోంది. లోపలి ఫ్యాను మాత్రం సంసారమంతా తానే ఈదుతున్నట్టు రొద పెడుతుంది.

పుస్తకాలకు పేజీలు కట్టడం ఆమె పని. రచయిత రాసినదాన్నీ, బొమ్మలనూ, బొమ్మల కింద చిన్న అక్షరాలనూ పొందికగా అమర్చి అచ్చుకు పంపాలి. పదిహేడేళ్లుగా భోజనాల బల్ల చివర కూర్చుని అదే చేస్తోంది. ప్రచురణ సంస్థలో అందరూ ఆమెను పేజీలమ్మ అంటారు. ఇంట్లో ఎవరి పిలుపు వాళ్లది. పిలవని పూటంటూ లేదు.

ఆ రోజు బల్ల రెండో చివర ఆమె భర్త ఒక కాగితం మీద నిలువు గీత గీసుకుని కూర్చున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ వస్తువు కొనాలన్నా గీతకు అటొకటి ఇటొకటి రాసుకుంటే గాని మనసు నిలవదు. మిక్సీ కొన్నప్పుడూ ఇదే తతంగం.

"షాపతను రెండు లాప్‌టాప్‌లూ సాయంత్రం దాకా పక్కన పెడతానన్నాడు. ధర ఒకటే," అన్నాడు. "ఇదేమో ప్రాసెసరు మంచి స్పీడు, మెమరీ ఎనిమిది గిగాలు. అదేమో ప్రాసెసరు కాస్త నెమ్మది, మెమరీ పదహారు. తర్వాత మెమరీ పెంచుకుందామంటే కుదరదట. ఈ పల్చటి వాటిల్లో బోర్డుకే అతికించేసి వస్తుందట. ఏదైనా ఇవాళే తేల్చుకోవాలి."

"తేల్చడానికి ఏముంది నాన్నా, స్పీడుదే," అంది కూతురు, జడ అల్లుకుంటూ. ఆ పిల్ల యానిమేషన్ నేర్చుకుంటోంది. కొత్తది వస్తే పగలు తల్లికి, సాయంత్రం కూతురికి అని ఒప్పందం. "నా ఒక్క నిమిషం సీను తయారవడానికి కాలేజీలో గంట పడుతోంది. అందరూ ఇచ్చేశాక నాది ఇంకా ఉడుకుతూ ఉంటుంది."

"అదీ నిజమే. దేనికైనా మోటారు బలంగా ఉండాలి," అన్నాడు ఆయన.

"పదహారుదైతే బాగుంటుందేమో," అంది ఆమె సింకు దగ్గర నుంచి. కుళాయి చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. కుళాయి కట్టేసి మళ్లీ అంది.

"నీకెందుకమ్మా పదహారు?" అంటూ కూతురు లాప్‌టాప్ ముందుకు జరిగింది. "నీ అసలు సమస్య ఏంటో చెప్పనా? నువ్వు దేన్నీ మూయవు. ఇదిగో... పది, ఇరవై... ముప్ఫై ఒక్క విండోలు! దీన్ని ఆర్పి ఎన్నాళ్లైంది? పాపం, దీని ప్రాణం విసిగిపోయుంటుంది."

"ఇల్లంతా లైట్లు వేసి పెట్టుకున్నట్టు," అని భర్త నవ్వాడు.

ఆమెకూ నవ్వు రావాల్సిందే గాని ఓపిక లేక రాలేదు. రాత్రి సరిగా నిద్రలేదు. శుక్రవారానికల్లా గడ్డి జాతుల పుస్తకం పేజీలు వెళ్లాలి. రాసినాయన పదవీ విరమణ చేసిన పెద్దాయన, మొక్కల మాస్టారు. చెయ్యి వణుకుతుంది గనుక మూడు రోజులు ఫోనులో ఒక్కొక్క దిద్దుబాటే చదివి రాయించారు. ఈ శుక్రవారం కూడా దాటితే పని వేరేవాళ్లకు ఇస్తామని ప్రచురణకర్త మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పాడు కాబట్టే ఆమెకు భయం.

"అమ్మాయ్, కళ్ల చుక్కలు!" అని లోపలి గదిలోంచి అత్తగారు పిలిచారు.

ఆమె వెళ్లింది. రెండు కళ్లలో చుక్కలు వేసి, పదకొండు గంటలకు డాక్టరు దగ్గరకు వెళ్లాలని గుర్తుచేసి, ఉతికిన చీర తీసి మంచం మీద పెట్టి వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. వచ్చేసరికి లాప్‌టాప్ ఫ్యాను రొద లేదు.

"చూడమ్మా, చూడు!" కూతురు మొహం వెలిగిపోతోంది. "అన్నీ మూసేశా. ఇప్పుడెలా పరిగెడుతోందో చూశావా? ఈ పాతదాని నాలుగు గిగాల మెమరీయే సరిపోతోంది నీకు. ఎనిమిదంటే నువ్వు పండగ చేసుకోవచ్చు."

ఆమె తెర వైపు చూసింది. పైన ఎవరో తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"అవి అడిగాయా? దాచాలా వద్దా అని?"

"అడిగాయి. వద్దని నొక్కా. ఒక్కదానికీ పేరు కూడా లేదు కదా. అన్‌టైటిల్డ్ ఒకటి, అన్‌టైటిల్డ్ రెండు... చెత్త అనుకున్నా." అప్పటికి తల్లి మొహం చూసింది ఆ పిల్ల. "ఏమైందమ్మా?"

ఆమె కుర్చీలో కూర్చుంది. అరవలేదు. అరవడానికి కూడా కాస్త బలం కావాలి.

"పోనీలేవోయ్," అన్నాడు భర్త. "అంత ముఖ్యమైనవైతే ముందే సేవ్ చేసుకోవద్దూ?"

"సేవ్ చేద్దామని నొక్కితే పేరేం పెట్టమంటావని అడుగుతుందండీ," అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది, అదే భయం వేసేలా ఉంది. "పేరు ఆలోచించేలోపు అత్తయ్యగారు పిలుస్తారు. వచ్చి కూర్చుంటే మీ టూల్‌బ్యాగు కనబడదు. అది వెతికిచ్చి వస్తే దీని కాలేజీ నుంచి ఫోను. మూసేస్తే నేనెక్కడ ఆపానో నాకే తెలియదు. తెరిచి ఉంటేనే తిరిగొచ్చాక పని దొరుకుతుంది. పేరు పెట్టేంత తీరిక ఈ ఇంట్లో నాకెప్పుడిచ్చారు?"

"అమ్మా, నేను కావాలని..."

"మీ నానమ్మ నలభై రోజుల బీపీ రీడింగులు ఉన్నాయందులో. పొద్దునా సాయంత్రం రాసినవి. ఇవాళ డాక్టరు అడుగుతారు. మీ నాన్న లైసెన్సు ఫారం సగం నింపి ఉంది. నీ పరీక్ష ఫీజు గురించి ఆఫీసువాళ్లు చెప్పిన నెంబరుంది. మీ అత్త కొడుకు ఉద్యోగానికి రాసిపెట్టమన్న ఉత్తరం ఉంది. ఆ ముప్ఫై ఒకటిలో నావి ఎన్నో తెలుసా? మూడు. ఆ మూడింట్లో ఒకటి మాస్టారి దిద్దుబాట్లు. అరవై రెండు. ఆయాసపడుతూ చెప్పారు పెద్దాయన. మళ్లీ ఏ మొహం పెట్టుకుని చెప్పమనను?"

గది గుమ్మంలో అత్తగారు చుక్కల నీళ్లు చెంపల మీద కారుతుండగా నిలబడి ఉన్నారు. అవి చుక్కల నీళ్లేనో కాదో ఆ క్షణంలో ఎవరూ పట్టించుకోలేదు.

"స్పీడుదే కొనుక్కోండి," అని లేచింది ఆమె. "నాకేదీ వద్దు. ఈ పుస్తకం వేరేవాళ్లకే ఇచ్చేయమంటాను. పదిహేడేళ్లు చేశాను, ఇక చాలు."

పడకగదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ పెట్టలేదు. ఎవరైనా పిలిస్తే లేవాలి కదా అన్న ఆలోచన అప్పుడు కూడా వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఎవరూ పిలవలేదు. బయట చెప్పుల చప్పుడు, అత్తగారిని నెమ్మదిగా మెట్లు దింపుతున్న భర్త గొంతు. సెలవు పెట్టాడన్నమాట. అరగంట తర్వాత ఆమె ఫోను మోగింది.

"ఏమోయ్, అమ్మకి రాత్రి వేసేది తెల్ల బిళ్లా, పసుపు బిళ్లా?"

"తెల్లది సగం రాత్రికి. పసుపుది పొద్దున, తిన్నాక."

"కళ్లు తిరగడం ఎప్పటినుంచి అని అడుగుతున్నారు."

"పోయిన నెల రెండో వారం నుంచి. లేచి నిలబడ్డప్పుడే. పడుకుంటే లేదు."

"డాక్టరు అడిగేదానికి ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదే. మీ అమ్మగారేనా అని అడిగాడు నన్ను," అని ఫోను పెట్టేశాడు.

ఆమె కళ్లు మూసుకుంది. గోడ అవతల ఫోనులో మాస్టారితో మాట్లాడుతున్న కూతురి గొంతు వినిపిస్తోంది. "సార్, తప్పు అమ్మది కాదు సార్, నాది. నేనే మూసేశాను... లేదు సార్, తిట్టండి, ఫర్వాలేదు... మీకు ఓపికున్నప్పుడే చెప్పండి. నేను రాసుకుంటాను." తర్వాత చాలాసేపు ఒక్కటే మాట, "ఊఁ... ఊఁ... పేజీ నలభై ఒకటి సార్..." ఆ ఊకొట్టడం వింటూ వింటూ ఆమె నిద్రపోయింది. పట్టపగలు నిద్రపోవడం ఆ ఇంట్లో ఆమెకు జ్వరం వచ్చినప్పుడు తప్ప లేదు.

లేచేసరికి మూడైంది. బల్ల మీద నోట్‌బుక్కులో గుండ్రటి అక్షరాల్లో అరవై నాలుగు దిద్దుబాట్లున్నాయి. మాస్టారికి మరో రెండు గుర్తొచ్చాయట. కూతురు రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"తొమ్మిది సార్లు లేచానమ్మా," అంది తలెత్తకుండానే. "గ్యాసు సిలిండరతను, పక్కింటావిడ, మంచినీళ్ల క్యాను, కరెంటు మీటరు చూసేవాడు, మళ్లీ పక్కింటావిడ... ప్రతిసారీ మాస్టారిని ఆగమనడం. వచ్చేసరికి ఏ పేజీలో ఉన్నామో తెలియలేదు. ఒకసారి ఆయనకి కోపం కూడా వచ్చింది. మర్చిపోతానేమోనని ఒక్కొక్కటే తెరిచి పెట్టుకున్నా." లాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది. అందులో ఏడు విండోలు తెరిచి ఉన్నాయి. దేనికీ పేరు లేదు.

అది చూపించి ఆ పిల్ల ఏడ్చేసింది. "నేను చెత్త అన్నానమ్మా... నా ఫీజు నెంబరు కూడా చెత్తే అన్నాను..."

ఆమె కూతురి తల దగ్గరికి తీసుకుంది. కోపం ఇంకా పోలేదు. కానీ నిద్ర వల్లనో ఏమో, కోపం పక్కనే కాస్త చోటు మిగిలింది. "ఏడవకు. ముందు తిన్నావా?" అంది.

"అదిగో, మళ్లీ ఇంకో విండో తెరిచావు," అంది కూతురు ముక్కు చీదుకుంటూ. ఇద్దరికీ నవ్వొచ్చింది.

భర్తా, అత్తగారూ వచ్చారు. డాక్టరు నలభై రోజుల రీడింగులు మళ్లీ మొదలుపెట్టమన్నాడట. ఆయన పొద్దుటి కాగితం అడిగి తీసుకుని, గీతకు అటూ ఇటూ రాసినదంతా ఒకసారి చదివాడు.

"లిఫ్టు ఎంత తొందరగా పైకి పోతే ఏం లాభం," అన్నాడు, కాగితంతోనే చెబుతున్నట్టు. "లోపల నలుగురే పడితే మిగతావాళ్లు కిందే నిలబడతారు. అందరినీ మోసుకుపోవాలంటే ముందు పెట్టె పెద్దదవ్వాలి. ఇన్నేళ్లుగా ఆ పనే చేస్తున్నా, నా ఇంట్లో సంగతి నాకు తట్టలేదు."

"మరి దీని సీన్లు?" అంది ఆమె.

"ఉడకనీ," అంది కూతురు. "అది తయారయ్యేలోపు పక్కింటావిడతో నేను మాట్లాడతా. పదహారుదే తీసుకుందాం నాన్నా. అమ్మా, నువ్వు పని మానేస్తానన్నది..."

ఆమె నోట్‌బుక్కు తన ముందుకు లాక్కుని, మొదటి దిద్దుబాటు ఏ పేజీదో చూసుకుంది. ఆ పిల్లకు అదే జవాబు.

పేజీలు శుక్రవారం సాయంత్రానికి వెళ్లిపోయాయి. ఆ తర్వాతి వారంలో ఒక పొద్దున ఆమె కొత్త లాప్‌టాప్ మూత తెరిచి వంటింట్లోకి వెళ్లబోతే, అది అప్పుడే లేచి కూర్చుని ఉంది. కిందటి సాయంత్రం కూతురు ఏవేవో సర్దానని చెప్పింది. లెక్కపెట్టి చూస్తే తెరిచి ఉన్నవి మూడు. మూడూ ఆమె పనివే.

"మిగతావేవే?" అంది కంగారుగా.

"నానమ్మ బీపీ నాన్న ఫోనులో. లైసెన్సు ఫారం కూడా నాన్నే నింపుకుంటాడట. ఫీజులూ, కాలేజీ గోల నా దాంట్లో. అత్తకి ఫోను చేసి, ఉత్తరం బావనే రాసుకోమన్నా," అంది కూతురు. "కాస్త కోప్పడింది. ఫర్వాలేదు."

ఆమె తెర ముందు కూర్చుండిపోయింది. అప్పుడు తట్టింది.

"ఒసేయ్, ఈ మూడింటికి ఎనిమిదే సరిపోయేది కదే! అనవసరంగా నీకు స్పీడు లేకుండా పోయింది!"

బల్ల అవతల భర్త తలెత్తాడు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు కూతురు ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ తల్లి కళ్లవైపు చూసి ఆగిపోయింది. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఎందుకో అడగాల్సిన పని ఎవరికీ లేకపోయింది.

ఇదెన్నాళ్లు సాగుతుందో చెప్పడం ఆమె వల్ల కాదు. ఈ ఇంటి మనుషుల సంగతి ఆమెకు తెలియంది కాదు.

"అమ్మాయ్, కళ్ల చుక్కలు!"

ఆమె అలవాటుగా బల్ల అంచు పట్టుకుని సగం లేచింది. ఈలోగా కుర్చీ జరిగిన చప్పుడైంది. "వస్తున్నానమ్మా," అంటూ భర్త లోపలికి నడిచాడు. వెనకనుంచి అత్తగారి గొంతు, "నువ్వా? నీకు వేయడం వచ్చట్రా?"

ఆమె మళ్లీ కూర్చుంది. కొత్త పుస్తకానికి రాసుకున్న నాలుగు ముక్కలు దాచుదామని మీట నొక్కింది. పేరేం పెట్టాలని యంత్రం అడిగింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, ఎవరూ పిలవడం లేదని రూఢి చేసుకుని, తీరిగ్గా ఆలోచించింది.