ఆ గిటార్ మళ్ళీ మోగితే

పూతలపట్టు టీ అంగడిలో ఏజెంట్ గంగాధరం బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. వీపులో కత్తి. పక్కనే ట్రాన్సిస్టర్ ఏదో విదేశీ స్టేషన్ నుంచి ఇంగ్లీషు రాక్ పాట పాడుతూనే ఉంది.

"ఆ పాటలో ఏదో ఉంది. కనుక్కో," అన్నాడు చీఫ్, ఏజెంట్ జయరామ్‌తో.

కనుక్కోవడం అటుంచి, పాటే జయరామ్‌ను పట్టుకుంది. నిద్రలోనూ అదే గిటార్, చెవి పక్కన గంగాధరం కూనిరాగం. చాలదన్నట్టు ఆ గిటార్‌ను ఒక సంగీత దర్శకుడు మక్కీకి మక్కీ దించేసి సినిమా పాట చేశాడు. తిరుపతి హోటళ్ళన్నిటా అదే మోత. "దొంగసొత్తు!" అని గంగాధరం బతికుండగా తిట్టేవాడు. ఇప్పుడు జయరామ్‌కు కాఫీకి వెళ్ళాలన్నా భయమే.

ఒక ఉదయం చంద్రగిరి మైక్‌సెట్ అంగడి వెనక పంకజాక్షి కలిసింది. నల్ల కళ్ళద్దాలు, సెంటు వాసన, రెండు దేశాల జీతం. ఈరోజు మాత్రం కళ్ళద్దాలు తీసేసి మాట్లాడింది.

"రేడియోలో ఆ గిటార్ మోగతానే మావాళ్ళ మునస్వామి బాంబు స్విచ్ నొక్కుతాడు. కొండకెళ్ళే జనాల రైలుబండి కల్వర్టు మీదకొచ్చే టైముకే పాట వేయిస్తాండారు. ఏ కల్వర్టో నాకూ తెలీదు. మా నాయన ఆ బండిలోనే ఉండాడు సామీ!"

రైల్వే స్టేషన్ ఫోన్ తీగలు అప్పటికే కోసేశారు. జయరామ్ సంచీలోంచి ట్రాన్స్‌మిటర్ తీశాడు. అదే వేవ్‌లెంగ్త్‌లో, బండి రాకముందే గిటార్ మోగితే? మునస్వామి ముందే స్విచ్ నొక్కేస్తాడు. కానీ అసలు రికార్డు ఎక్కడ దొరుకుతుంది?

దొంగసొత్తు ఉందిగా, అని గంగాధరం చెవిలో అన్నట్టయింది.

మైక్‌సెట్ అంగడాయన మునివెంకటప్ప సినిమా రికార్డు తీశాడు గానీ పెట్టలేదు.

"బోణీ గదప్పా. ముందు వినాయకుడి పాట. అది పడకుండా ఇంగో రికార్డు పెట్టేదే లేదు."

"ప్రాణాలు పోతాయయ్యా!"

"అందుకే ముందు సామి పాట."

వాదిస్తే ఇంకా ఆలస్యం. వినాయకుడు తీరిగ్గా పాడించుకున్నాడు. దూరంగా రైలు కూసింది. పంకజాక్షి ఏడ్చేసింది. ప్లేటు మారింది. ట్రాన్స్‌మిటర్ ఆన్. గిటార్ మోగగానే జయరామ్ ఒళ్ళు జలదరించింది.

పేలుడు. వెంటనే బ్రేకుల కీచు.

ఇద్దరూ పరుగెత్తారు. కల్వర్టు లేదు. దాని అంచున ఇంజన్ పొగలు కక్కుతూ ఆగి ఉంది. జనం మునస్వామిని గుట్టలోంచి లాక్కొస్తున్నారు. "పాట వచ్చింది గదప్పా!" అని వాడి గోల.

ఒక ముసలాయన మెల్లగా దిగాడు. "ఏం పాపా, తిరుపతి వచ్చేసిందా?" అన్నాడు. పంకజాక్షి ఆయన్ని వాటేసుకుంది.

జయరామ్ చెవిలో కూనిరాగం ఆగిపోయింది. ఎందుకో ఏడుపొచ్చింది.

జయరామ్ పంపిన కబురుకు వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "శభాష్! ఏ ఆయుధం వాడావ్?"

"దొంగసొత్తు, సార్."