వాగవతలి పొదలు

"ఏం పొరుగూరి ఆచో, పండ్లు కోస్తున్నావా, చేతులు చీరుకుంటున్నావా?"

ముతుప్ తలెత్తాడు. త్సెర్మాంగ్ పండ్ల పొదల ముళ్లు గీసుకుపోయి అతని చేతులు ఎర్రబడ్డాయి. ఎదురుగా యాంగ్డోల్. తలగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"మా ఊరి పొదలకి ఇంత పొగరు లేదు."

"పొగరు పొదలకి కాదులే. కింద దుప్పటి పరిచి, కొమ్మని కర్రతో కొట్టు." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వాగవతలి వాటి జోలికి మాత్రం వెళ్లకు. అవి పిట్టలవి."

పిట్టలవట! ముతుప్‌కి నవ్వొచ్చింది. పండ్ల కోతలో సాయానికి మేనత్త ఊరొచ్చిన కుర్రాడు, ఆ నవ్వుతోనే పనిలోనూ ప్రేమలోనూ పడిపోయాడు.

కోత చివర్లో యాంగ్డోల్ అవ్వకి జ్వరమొచ్చింది. పండ్లు కొనే వ్యాను వచ్చే వేళకి వాళ్ల బుట్టలు సగం కూడా నిండలేదు. ముతుప్ తెల్లవారగానే వాగు దాటాడు. ఒక్క పండు మిగల్చకుండా కొట్టి, నిండు బుట్టలు ఆమె గుమ్మంలో పెట్టాడు.

"ఎక్కడివి?"

"నీకెందుకు? మా అత్త పొదలవి అనుకో."

ఆమె కళ్లు చెమర్చాయి. ఆ చూపుకి అతను గాల్లో తేలిపోయాడు.

మంచు పడింది. పైకొండల నుంచి ఎర్రతోక పిట్టలు దిగాయి. పొద పొదా వెతికాయి. ముళ్లు తప్ప ఏమీ లేవు. ముతుప్ బార్లీ గింజలు చల్లితే, వాటికేసి చూడను కూడా చూడలేదు. అప్పుడు తెలిసింది అతనికి, తను ఎంత పని చేశాడో.

అతని మామయ్య పెళ్లిమాటకి యాంగ్డోల్ ఇంటికి ఛాంగ్, అదే బార్లీ కల్లు, కూజాతో పట్టుకొచ్చిన రోజే, ఆమె వాగు దగ్గర నుంచి ఒక పిట్టని దోసిట్లో తెచ్చింది. అది చచ్చి బిగుసుకుపోయి ఉంది. అమ్మాయి ఆ ఛాంగ్ తాగితే పెళ్లికి సరేనన్నట్టు. ఆమె కూజా ముట్టలేదు.

మామయ్య వెనక నుంచి ముతుప్ ముందుకొచ్చాడు. "నేనే కోశాను. నీ బుట్ట నిండాలని..."

"తెలుసు. మంచు పడ్డాకే తెలిసింది. నా బుట్ట ఖాళీగా ఉన్నా నిన్ను చేసుకునేదాన్ని కదా, పిచ్చోడా!" గట్టిగా ఏడ్చేసింది. "దీన్ని చేతిలో పెట్టుకుని ఎలా తాగను?"

"అయితే వద్దంటావా?"

"వచ్చే చలికాలం దాకా వాగు దాటకు. ఆ పండ్లు తిని పిట్టలు బతికితే, అప్పుడు తాగుతాను."

"అప్పటికి ఛాంగ్ పుల్లబడిపోతుంది, యాంగ్డోల్."

ఆమె పిట్టని గుండెకి హత్తుకుంది.

"పుల్లబడనీ. ఆ పులుపే తాగుతాను."