లీలమ్మ చూడని రంగు

పొద్దున్నే పళ్లు తోముకుని వచ్చేసరికి లీలమ్మకు ఇంటి నిండా బాత్రూం వాసన కొట్టింది. మోరీ వాసన కాదు. మోరీ వాసన తెలియకుండా బస్టాండుల్లో చల్లుతారే, ఆ మందు వాసన. చూస్తే వసారాలో డెకరేషన్ పిల్ల స్నిగ్ధ, అట్టపెట్టెల్లోంచి ఊదారంగు ప్లాస్టిక్ పూలు తీసి, ఒక్కో కట్ట మీద సీసాతో ఏదో కొడుతోంది.

“గదేంది బిడ్డా?” అంది కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

“లావెండర్, ఆంటీ. ఫ్రాన్స్‌ల పెండ్లిళ్లంటే ఇదే వాసన.”

“ఫ్రాన్సోళ్లు పెండ్లి బాత్రూంల చేసుకుంటరా?”

లోపల జడ వేసుకుంటున్న శ్రీలత పకపకా నవ్వింది. “అమ్మా, రేపొక్క దినం ఓర్సుకోరాదే!”

ఓర్చుకోకేం చేస్తుంది? ఆర్నెల్లుగా ఓర్చుకుంటూనే ఉంది. శ్రీలత హైదరాబాదులో ఒక బేకరీలో ఆరేళ్లుగా ఫ్రెంచి కేకులు చేస్తోంది. పెళ్లికొడుకు శ్రవణ్‌కుమార్‌దీ అదే బేకరీ, పక్క పొయ్యి. ఇద్దరూ రోజూ ఆ దేశపు తిండే వండుతారు, ఆ దేశాన్ని మాత్రం కళ్లతో చూసింది లేదు. “గాడికి పోయేటందుకు మాకు తాహతు లేదు. ఫ్రాన్స్‌నే పోచంపల్లికి తెస్తం” అని తేల్చారు. రేపు పొద్దున ఇంటి ముందు పందిట్లో జీలకర్ర బెల్లం, సాయంత్రం ఊరి బయట మామిడితోటలో ఫ్రెంచి విందు.

అల్లుడి మీద లీలమ్మకు ఏ పేచీ లేదు. ఆమెకు రోత పుట్టించింది ఆ విందే. మొన్న శ్రీలత జున్నులాంటిదేదో తెచ్చి నోట్లో పెట్టింది. విరిగిన పాలను గుడ్డలో కట్టి నెల రోజులు మరిచిపోతే వచ్చే కంపు. లీలమ్మ మోరీ దగ్గరికి పరుగెత్తి ఉమ్మేసి, నాలుగుసార్లు నోరు పుక్కిలించింది. “గిది చుట్టాలకు పెడితివా, మల్ల మన గడప తొక్కరు” అంది. ఆ పైన బూరెల్లాంటి ఉండలకు పాకం పూసి నిలువెత్తు గోపురం కడతారట. మనుషుల కోసమో, చీమల కోసమో.

వీటన్నిటినీ మించి ఆమెకు ఒళ్లు మండించినవి బల్ల గుడ్డలు.

ఉగాది నాడు శ్రీలత తండ్రి పక్కన చేరి, “బాపూ, పన్నెండు బల్లలకు లావెండర్ రంగు గుడ్డలు నువ్వే నెయ్యాలె. ఎన్ని పైసలు పెట్టినా ఫ్రాన్స్‌ల దొరకనిది గదొక్కటే” అంది. సిద్దయ్య ముఖం వెలిగిపోయింది. లీలమ్మ మాత్రం గయ్యిమంది. “పెండ్లికూతురికి చీర నేస్తరు గని, ఎంగిలి మూతులు తుడుసుకునే గుడ్డలు నేస్తరా? నేనైతే చెయ్యి పెట్ట. కన్నెత్తి గూడ చూడ.”

ఆ ఇంట్లో అది చిన్న మాట కాదు. ముప్పై ఏళ్లుగా రంగు పని ఇద్దరిది. నూలు ముంచేది సిద్దయ్య, చూసేది లీలమ్మ. ఆమె వచ్చి, తడి నూలును వెలుగులో పట్టుకుని “ఇగ ఎత్తు” అంటేనే నూలు తొట్టిలోంచి బయటికి వచ్చేది. ఈసారి ఆమె పంతం పట్టింది. రంగు అంటకుండా నూలుకు ముడులు వేసే తన చిటికి పనంతా మూట కట్టుకుని పక్కింటి నాగరాణి వసారాకు మార్చింది. మగ్గం చప్పుడు గోడ అవతలినుంచి వినిపిస్తూనే ఉండేది. ఆమె ఒక్కసారైనా తొంగి చూడలేదు.

“ఆంటీ, గుడ్డలు సూపర్ ఉన్నయ్!” అంది స్నిగ్ధ. సిద్దయ్య రాత్రే తెచ్చి వసారాలో పెట్టిన మూట విప్పి ఒక గుడ్డ పరిచింది. లేత ఊదా మీద తెల్లటి పూలు, కన్ను తిప్పుకోనివ్వనంత శుభ్రంగా ఉన్నాయి.

చూడనని ఒట్టు పెట్టుకున్నా, చేతికి అలవాటు ఉంటుంది కదా. లీలమ్మ వేళ్లు వాటంతటవే కొసను పట్టి తిరగేశాయి. వెనక వైపు పాలిపోయి ఉంది.

పోచంపల్లి గుడ్డకు ముందు వెనకలు ఉండవు. నూలుకే రంగు పడుతుంది కనుక రెండు వైపులా ఒకే పువ్వు పూస్తుంది. ఇది మిషను మీద అచ్చు కొట్టిన నకిలీ. తమలాంటి వాళ్ల మగ్గాలను మూయించిన గుడ్డ.

“థూ!” అని విసిరి కొట్టింది. “శ్రీలతా, బయటికి రా! బాపు నేసింది నచ్చక నకిలీ గుడ్డ కొనుక్కొచ్చినవా? గీ ఇంటికా? గీ వసారలకా?”

శ్రీలత సగం జడతోనే బయటికి వచ్చింది. గుడ్డ చూసింది. “నేను కొనలేదమ్మా. బాపు నేసిండనే అనుకున్న.”

“అయితే గీ పిల్ల పనేనా?” అని స్నిగ్ధ మీదికి తిరిగింది లీలమ్మ.

“నేనే తెచ్చిన.”

సిద్దయ్య గొంతు. మగ్గం గది గడపలో నిలబడి ఉన్నాడు. “మొన్న బస్సెక్కి పట్నం పోయి తెచ్చిన.”

లీలమ్మ కొంగు నడుముకు దోపుకుంది. “ముప్పై ఏండ్లు మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసున్నోడివి! నకిలీ గుడ్డ అమ్మేటోని దుకాణంల నిలవడి బేరం చేసినవా? ఛీ! నీ ముఖం చూడబుద్ధి అయితలేదు.”

సిద్దయ్య లోపలికి వెళ్లాడు. మగ్గం గుంటలోంచి ఒక మూట తీసి తెచ్చి, కూతురి ముందు పెట్టాడు.

“నేసిన బిడ్డా. పన్నెండూ నేసిన. మడత పెడుతుంటే పక్క మగ్గం బాలయ్య వచ్చి నవ్విండు. ‘ఏందన్నా, పెండ్లికి బూడిద రంగు నేసినవ్’ అన్నడు. గందుకే దుకాణపోనికి రంగు పేరు చెప్పి అవి తెచ్చిన.”

శ్రీలత ఒక్కొక్కటే విప్పింది. ఒకటి బూడిద. ఒకటి ముదురు వంకాయ. ఒకటి కమిలిన నేరేడు. ఏ రెండూ ఒక్క రంగు కాదు. పూలు మాత్రం పన్నెండింటి మీదా ఎప్పటిలాగే చక్కగా పూశాయి.

“బాపూ, ఇదేం రంగు?” అంది శ్రీలత వంకాయ రంగు గుడ్డ చూపిస్తూ.

“నువ్వు అడిగిందే గదా.”

“మరి ఇది?” అని బూడిద రంగుది ఎత్తింది.

సిద్దయ్య దగ్గరికి వంగి చూశాడు. “నాకన్నీ ఒక్కతీరుగనే కనవడ్తున్నయి బిడ్డా. ఎర్ర, పచ్చ తెలుస్తయి. గీ ఊదనే తెలుస్తలేదు. కంట్ల పొర వచ్చినట్టుంది. పెండ్లి ముంగట ఎందుకు ఫికర్ పెట్టాలెనని చెప్పలే.”

శ్రీలత ఆ రెండు గుడ్డలనూ ఒళ్లోకి తీసుకుంది.

లీలమ్మకు ఒక పొద్దు గుర్తొచ్చింది. నాగరాణి వసారాలో చిటికి కడుతుంటే, సిద్దయ్య మోచేతుల దాకా రంగుతో, నీళ్లు కారుతున్న నూలు పట్టుకుని వచ్చాడు. “జర చూడవే. ఒక్కసారి చూసి పో” అన్నాడు. ఆమె తల పక్కకు తిప్పుకుని, “నీ ఫ్రాన్స్ బిడ్డనే అడుగు” అంది. నాగరాణి నవ్వింది. ఆయన ఆ తడి నూలుతోనే వెనక్కి వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్లలో ఆయన చూడమని అడుక్కున్నది ఆ ఒక్కసారి. ఏ గుడ్డ కనబడినా తిరగేసి చూసే మనిషి, మొగుడి కళ్లలోకి మాత్రం చూడలేదు. జున్ను మీద పుట్టిన రోత, ప్లాస్టిక్ పూల మీద పుట్టిన రోత, అంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. గుంజకు తల ఆనించి, పిల్లల ముందే వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఏడ్వకే. గుడ్డలు గాకపోతే మానె” అన్నాడు సిద్దయ్య కంగారుగా.

“ఎందుకు మానాలె?” శ్రీలత కళ్లు తుడుచుకుంది. “స్నిగ్ధా, ఆ నకిలీవి తీసేయ్. ఇవే పరుస్తం.”

“అక్కా, థీమ్ కలవదు,” అని నసిగింది స్నిగ్ధ.

“కలవకపోతే కలవకపాయె. అమ్మా, ఏ బల్లకు ఏ రంగో నువ్వే చెప్పాలె.”

మర్నాడు సాయంత్రం మామిడితోటలో పన్నెండు బల్లలు, పన్నెండు రంగులు. బూడిదను ముదురు వంకాయ పక్కన, నేరేడును చెట్టు నీడన వేయించింది లీలమ్మే. చుట్టాలు కొసలు తిరగేసి చూసి తలలూపారు. పాకం గోపురం ఎండ వేడికి ఒక పక్కకు ఒరిగింది. చీమలు రానే వచ్చాయి. జున్ను పళ్లెం పక్కనుంచి మాత్రం లీలమ్మ ముక్కు మూసుకునే నడిచింది. రోత రోతే.

సిద్దయ్య చెయ్యి పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా ఆగింది.

“ఇది బూడిద. గిదేమో వంకాయ. నేరేడు గా చెట్టు కింద ఉంది.”

“నా బిడ్డ అడిగిన రంగు ఒక్కటన్న వచ్చిందా?” అన్నాడు చిన్నగా.

అబద్ధం చెబుదామని నోటి దాకా వచ్చింది. కానీ రంగు విషయంలో ఆ ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడరు.

“రాలె. ఒక్కటి గూడ రాలె” అంది. ఆయన వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “సోమవారం కంటి దవాఖానకు పోదాం. గా పొర తీసినాంక మల్ల వేద్దం. నేను వచ్చి చూడంది నూలు ఎత్తకు.”

“నువ్వు రాకపోతే?”

“వస్త,” అంది లీలమ్మ. “పిలువకముందే వస్త.”