అమ్మ చేతి ఫోటో

ఆదివారం పొద్దున చర్చికి అందరికంటే ముందు తయారయ్యే యేసుమణి, ఆ రోజు పాత చీరలోనే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

"ఇంకా లేవలేదేందమ్మా? టైమైతుంది," అంది కూతురు షెర్లిన్.

"నువ్వు పో. నాకు పానం మంచిగ లేదు."

షెర్లిన్ నమ్మలేదు. జ్వరమొచ్చినా చర్చి మానే మనిషి కాదు అమ్మ. మైత్రీవనం వెనక హాస్టల్లో వండి, గిన్నెలు తోమి కూతుర్ని పెంచింది. ఆ కూతురు ఇప్పుడు పంజాగుట్ట బ్యూటీ పార్లర్‌లో పని చేస్తూ, గోళ్ళు గట్టిపడతాయంటూ నీళ్ళలో కలిపి తాగే పెప్టైడ్ పొడి కూడా అమ్ముతోంది. మాటలకు లోటు లేని పిల్ల, చర్చి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపునూ వదల్లేదు.

"ఏమైందో చెప్పు. లేకుంటే నేను సుత పోను."

యేసుమణి కత్తి పక్కన పెట్టింది. "గ్రూపుల ఫోటో పెట్టినవు గదా, పొడి తాగకముందు అని. గా చెయ్యి నాదే గదా?"

అమ్మ నిద్రపోతుంటే షెర్లిన్ తీసిన ఫోటో అది. సబ్బునీళ్ళకు పొరలు లేచిన గోళ్ళు, ఒక వంకర వేలు. 'తాగిన తర్వాత' అంటూ పక్కన పెట్టింది పార్లర్‌లో రంగు వేయించుకున్న తన చెయ్యి. ముఖం లేదుగా, ఎవరు గుర్తుపడతారులే అనుకుంది.

"పోయిన వారం పాస్టరమ్మ ఆ ఫోటో చూపిచ్చి అడిగింది. ఈ వంకర వేలు నీదే గదా, పొడి మస్తు పనిచేసిందంట, ఏదీ చూపియ్యి అని. చేతులు కొంగుల దాచుకున్న." యేసుమణి తన వంకర వేలు నిమురుకుంది. "నీ పరువు పోతదని, దేవుని మందిరంల నా చెయ్యి నాది కాదన్న బిడ్డా. ఇప్పుడు ఏ ముఖంతోని పోవాలె?"

షెర్లిన్‌కు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"ఇంతకీ గా పొడి పనిచేస్తదా?"

"తెల్వదమ్మా. కొందరికి గోళ్ళు విరిగేది తగ్గిందని చిన్న చిన్న పరీక్షల్ల తేలిందంట. గట్టిగ చెప్పేటంత లేదు. నేను తాగుతున్న, నాకైతే ఏం తేడా తెలుస్తలేదు."

కళ్ళు తుడుచుకుంటూ గ్రూపులో రాసింది. 'మొదటి చెయ్యి మా అమ్మది. ఆమె ఈ పొడి ఎప్పుడూ తాగలేదు. రెండోది రంగేసిన నా చెయ్యి. నేను మోసం చేసిన. కొన్నవాళ్ళకు పైసలు వాపస్ ఇస్తా.'

కాసేపటికే ఫోన్ మోగింది. పాస్టరమ్మ. ఎత్తడానికి షెర్లిన్‌కు ధైర్యం చాలలేదు. యేసుమణి చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"అవునమ్మగారూ," అంది, కూతురి తల మీద చెయ్యి వేసి. "గా చెయ్యి నాదే. ఆ దినం మీతోని అబద్ధమాడిన." అవతలి మాటలు చాలాసేపు విని, చివరికి అంది. "వస్తున్నం. ఇద్దరం వస్తున్నం."