ఆవగింజంత నిమ్మకాయ

"ఏ బండికన్నా?" అంది నిరోష, తల ఎత్తకుండానే.

"ఇంజన్‌కండి," అన్నాడు ప్రమోద్.

"ఇంజన్‌కు స్టిక్కర్ ఎవలు ఏస్తరన్నా? వేడికి కరుగుతది. ట్యాంక్‌కు ఏపిచ్చుకో."

బయట వాన దంచుతోంది. అమీర్‌పేటలో వాన పడితే ప్రతి దుకాణం చూరూ బస్టాపే. శ్రీ మార్కండేయ రేడియం వర్క్స్ చూరు కింద కూడా హాస్టల్ పిల్లలూ, ఇద్దరు డెలివరీ కుర్రాళ్లూ ఒకరి భుజం మీద ఒకరు నీళ్లు కారుస్తూ నిలబడ్డారు. ప్రమోద్ చొక్కా తడిసి ముద్దయింది. చంకలోని అట్టపెట్టె మీద మాత్రం చుక్క పడలేదు. దాన్ని కౌంటర్ మీద పెట్టి, మూత తీసి, లోపలి మెత్తటి గుడ్డను జాగ్రత్తగా విప్పాడు.

లోపల నల్లటి ఆవిరి ఇంజన్. జానెడున్నర పొడుగు. ఇత్తడి రేకు కోసి, అతికించి, రంగు వేసింది.

నిరోష అప్పుడు తలెత్తింది. ముందు ఇంజన్‌ను చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"అబ్బ! బొమ్మ మస్తుంది."

"బొమ్మ కాదండి," అన్నాడు ప్రమోద్ వెంటనే. "ఇంజన్."

ఆ మాట అతను ఎన్నోసార్లు అన్నదే. ప్రమోద్‌ది తణుకు. పంజాగుట్టలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. పగలు ఇతరుల కార్లకు తగిలిన సొట్టలు చూస్తాడు. మిగిలిన టైమంతా పరాగ్వే దేశపు రైలింజన్లు తయారుచేస్తాడు. మన దేశంలో ఇన్ని రైళ్లుండగా పరాగ్వేవి ఎందుకని అడిగితే, "వాటిని మన దగ్గర ఎవరూ చెయ్యడం లేదు కదండీ" అంటాడు. అడిగినవాళ్లు ఇంకో ప్రశ్న వెయ్యరు.

వాళ్లమ్మ అరుణాదేవి పెళ్లి సంబంధాల వాళ్లతో, "మా వాడికి ఏ చెడు అలవాటూ లేదండీ, బొమ్మలు చేసుకుంటాడు, అంతే" అని చెప్పుకుంటుంది. ఒక సంబంధం ఆ మాట మీదే తప్పిపోయింది. ప్రమోద్‌కు సంబంధం పోయినందుకు బాధ లేదు, మాటకే బాధ. లోకంలో ఒక్క మనిషి, ఒక్కరంటే ఒక్కరు, తనంతట తాను దాన్ని ఇంజన్ అంటే చాలని అతని కోరిక. కోరికలు ఇంత చిన్నగా ఉన్నవాళ్లకే అవి తీరడం కష్టం.

"సరే, ఇంజనే," అంది నిరోష. "గిది ఏ లైన్ల నడుస్తది?"

"పరాగ్వే అండి."

"ఔటర్ రింగ్ రోడ్డు దాటినంక ఎంత దూరం?"

ప్రమోద్ నిజంగానే దూరం చెప్పబోయాడు. ఆమె పెదవి చివర నవ్వు చూసి ఆగిపోయాడు.

వెనక పెట్టె మీద, అంటే కట్టెలు నింపుకునే టెండర్ మీద, ఆ రైల్వే పేరులోని ఆరు ఇంగ్లీషు అక్షరాలు కావాలి. బియ్యపుగింజ కంటే చిన్నవి. రేడియంలా మెరవకూడదు. ఎండకు వెలిసిన పసుపు రంగులో ఉండాలి.

"అందరు పాత బండికి కొత్త స్టిక్కర్ అడుగుతరు. మీరేంది, కొత్త బండికి పాత స్టిక్కర్ అడుగుతున్నరు?" అంది నిరోష. "వెనక 'అమ్మానాన్నల దీవెన' అని సుత రాయాల్నా?"

"పరాగ్వేలో అలా రాయరండి. ఆ రైళ్లు ఇప్పుడు నడవడమూ లేదు."

"గందుకే ఆగిపోయినట్టుంది ఆ రైలు."

చూరు కింది డెలివరీ కుర్రాడు నవ్వాడు. ప్రమోద్ నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తేల్చుకునేలోపే వాన తగ్గింది.

వెళ్లబోతుండగా దుకాణం ముందు కొత్త స్కూటీ ఒకటి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. నిరోష తల్లి కాంతవ్వ పళ్లెంతో వచ్చి, నూనెలో రంగరించిన కుంకుమతో హెడ్‌లైట్ మీద బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, "ఇగ పోనియ్యి" అంది. నిమ్మకాయ చితికింది. స్కూటీ వెళ్లింది. బొట్టు లేని కొత్త బండిని కాంతవ్వ తన దుకాణం ముందు నుంచి కదలనివ్వదు. నిరోష తండ్రి ఎప్పుడూ కృష్ణానగర్‌లోనే, షూటింగ్ కార్లకు ఉత్తుత్తి నంబర్లు అతికిస్తూ. దుకాణం తల్లీకూతుళ్లదే.

వారం తిరక్కుండా ప్రమోద్ మళ్లీ వచ్చాడు. అక్షరాల మీద స్కేలు పెట్టి చూశాడు.

"రెండో అక్షరం కొంచెం లావుగా ఉందండి."

"ఎంత?"

"వెంట్రుకలో సగం."

నిరోష అతన్ని ఒకసారి చూసి, మిషన్ ఆన్ చేసి మళ్లీ కత్తిరించింది. సూది మొనతో ఒక్కో అక్షరం చుట్టూ స్టిక్కర్‌ను ఒలిచింది. ఈసారి తనకే నచ్చక మూడోసారి కత్తిరించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఇద్దరూ. పట్టుకున్నది ఒకే కుందేలు కావడం వల్ల గొడవ రాలేదు.

అప్పుడే కాంతవ్వ టీ గ్లాసులతో వచ్చి, ఒకటి ఇంజన్ పక్కన పెట్టబోయింది.

"అమ్మా, ఇంజన్‌కు జర దూరం పెట్టు. రంగు పచ్చిగుంది," అంది నిరోష.

ఆ మాటతో ప్రమోద్ పడిపోయాడు. చూపులూ నవ్వులూ అతన్ని ఏమీ చెయ్యలేకపోయాయి. 'ఇంజన్‌కు జర దూరం పెట్టు' చేసింది. టీ చల్లారిపోయేదాకా గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇంజన్‌కు రోజుకో అవసరం పుట్టుకొచ్చింది. ఒక రోజు క్యాబిన్ మీద నంబరు, ఇంకో రోజు తలుపు మీద గీత. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఎంతో దూరం లేదు గానీ, ఒక గీత కోసం వచ్చేంత దగ్గర కూడా కాదు.

"గీ కట్టెలు చీపురు పుల్లలే గదా?" అంది నిరోష ఒక సాయంత్రం, టెండర్‌లోకి తొంగిచూసి.

ప్రమోద్ దొంగలా దొరికిపోయాడు. "ఆ రైళ్లు కట్టెల మీదే నడిచేవండి. నాకు ఇంతకంటే మంచివి దొరకలేదు."

"గింత చక్కటి ఇంజన్‌ల చీపురు కాలుస్తరా?" అని లేచి వెళ్లి, మధురానగర్‌లో తమ ఇంటి ముందున్న వేపచెట్టు నుంచి సన్నటి కొమ్మలు తెచ్చింది. బెరడుతో సహా ముక్కలు కోస్తే నిజంగా కట్టెల్లానే ఉన్నాయి. ఇద్దరూ కౌంటర్‌కు అటూ ఇటూ కూర్చుని కోశారు. కోస్తున్నంతసేపూ నిరోష ఒక్కసారి కూడా 'అన్నా' అనలేదు. 'మీరు' అంది, 'ప్రమోద్ గారు' అంది, ఒకసారి 'ఓ మనిషీ' అని కూడా అంది. హైదరాబాద్‌లో ఒక అమ్మాయి ఒక అబ్బాయిని అన్నా అనడం మానేసిందంటే అది చిన్న సంగతి కాదు. ప్రమోద్ ఆ సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేక, పంజాగుట్ట కూడా దాటిపోయి మూడు స్టేషన్ల దూరం నడిచే వెళ్లాడు.

పరాగ్వే ఇంజన్లే తయారుచేసే కొద్దిమంది పెద్దమనుషుల గుంపు ఒకటి నెట్‌లో ఉంది. వాళ్లకు పెద్ద, గ్లాస్గోలో ఉండే ఒక ముసలాయన. ఫోటో చూసి ఇంజన్ మీది మేకులు లెక్కపెట్టే రకం. ఆదివారం ఆయనకు ఫోటోలు పంపాలి. చివరి అక్షరాలు అతికించమని ప్రమోద్ ఇంజన్‌ను శుక్రవారం ఉదయం దుకాణంలో వదిలి ఆఫీసుకు వెళ్లాడు.

సాయంత్రం వచ్చేసరికి ఇంజన్ ముఖాన రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. దాని చుట్టూ పసుపు. పొగగొట్టానికి బంతిపూల రెక్కలు. నూనె కిందికి కారి, నెలల తరబడి వేసిన నల్ల రంగులో ఇంకిపోయింది.

"ఎల్లమ్మ గుడికి తీస్కపోయిన బిడ్డా," అంది కాంతవ్వ మురిసిపోతూ. "అందరివి కార్లు, బుల్లెట్లు. మనదొక్కటే ఇంజన్. పూజారి నవ్విండు గని, హారతి మాత్రం మంచిగ ఇచ్చిండు."

ప్రమోద్ కారిన నూనెను వేలితో తాకి చూశాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు. "బుద్ధున్నవాళ్లెవరైనా బొమ్మకి పూజ చేస్తారా?"

దుకాణంలో మిషన్ చప్పుడు ఒక్కటే మిగిలింది. నిరోష దాన్ని కూడా ఆపేసింది.

"ఏమన్నరు?"

ప్రమోద్‌కు అప్పుడు వినిపించింది, తను అన్నది.

"బొమ్మనా?" అంది నిరోష. "ఇంజన్ అన్నరనే మా అమ్మ బొట్టు పెట్టింది. బండికి పూజ చెయ్యకుండ ఎట్ల పంపుతం? బొమ్మ అని ముందుగాల్నే చెప్తే, గట్లనే ఓ మూలకు పెడుతుంటిమి."

"అది కాదండి, రంగు..."

"తీస్కపో అన్నా," అంది ఆమె, పెట్టె ముందుకు జరిపి.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ, నోరు జారితే తీసుకోలేం. మరుసటి రోజు మధ్యాహ్నం పంజాగుట్టలోని గదిలో కూర్చుని ప్రమోద్ దూదిని స్పిరిట్‌లో ముంచాడు. రెండు తుడుపులు తుడిస్తే కుంకుమ పోతుంది, దానితోపాటు కాస్త రంగు పోతుంది, మళ్లీ వేసుకోవచ్చు. దూది బొట్టు దాకా వచ్చి ఆగింది. తన ఇంజన్‌ను ఒడిలో పెట్టుకుని గుడిదాకా మోసుకెళ్లి, కార్ల వరసలో నిలబెట్టిన మనిషి ఇంతకుముందు ఎవరూ లేరు. ఇక ముందు దొరుకుతారన్న ఆశా లేదు. అతను ఇన్నాళ్లూ కోరుకున్నదే కాంతవ్వ చేసింది. కోరుకున్నదాన్ని గుర్తుపట్టలేనిది తనే. అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. దూది బుట్టలో పడేసి, ఇంజన్‌ను బొట్టుతోనే ఫోటో తీశాడు.

సోమవారం పొద్దున నిరోష షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ప్రమోద్ ఉన్నాడు. పక్కన పెట్టె. ఒడిలో రెండు మూరల చెక్క, దాని మీద పట్టాలు.

"ఏం గావాలన్నా?"

ఆ 'అన్నా' సూటిగా వచ్చి తగిలింది. అయినా తట్టుకున్నాడు.

"బండి పూజ చేయించాలండి."

"అయింది గద. నచ్చలే గద."

"సగమే అయింది. నిమ్మకాయలు తొక్కించలేదు." అని జేబులోంచి చిన్న డబ్బీ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

లోపలి నుంచి కాంతవ్వ కూడా వచ్చి డబ్బీలోకి చూసింది. "ఆవాలు తెచ్చినవేంది? పోపు పెడుతవా?"

"నిమ్మకాయలే ఆంటీ. ఇంజన్ అసలుదానిలో నలభై ఐదో వంతు. నిమ్మకాయనీ అంతే తగ్గిస్తే ఆవగింజంత అవుతుంది."

నిరోష నవ్వకూడదని పళ్లు బిగబట్టింది. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపింది. "గివి మెత్తగున్నయేంది?"

"నానబెట్టానండి. ఎండువి పెడితే పట్టాలు తప్పుతోంది."

"అంటే ఇంట్ల ట్రయల్ ఏసి వచ్చినవా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. 'అన్నా' రాలేదు. ప్రమోద్ గమనించాడు గానీ, ఊపిరి పీల్చుకోవడానికి ఇది సమయం కాదనుకున్నాడు.

పెట్టె తీశాడు. బొట్టు చెక్కుచెదరకుండా ఉంది.

"తుడ్వలేదా?" అంది ఆమె.

"లేదు. గ్లాస్గో ఆయన అడిగాడు, ఆ ఎర్ర గుర్తుకి ఆధారం ఏమిటని. 'బల్కంపేట ఎల్లమ్మ గుడి, ఈ సంవత్సరం' అని రాశాను."

"ఒప్పుకున్నడా?"

"నోట్ చేసుకున్నాను అన్నాడు." ప్రమోద్ కాంతవ్వ వైపు తిరిగాడు. "ఆంటీ, మొన్న నేను నోరు జారాను. తప్పు నాది. మా అమ్మతో సహా అందరూ దాన్ని బొమ్మంటే పోట్లాడాను. మీరు ఇంజన్ అని గుడికి తీసుకెళ్తే, నేనే బొమ్మన్నాను."

"పోనీ తియ్యి బిడ్డా," అంది కాంతవ్వ. ఆమె కోపం సాయంత్రం దాకా కూడా ఉండే రకం కాదు. అప్పటికే పళ్లెం తెచ్చేసింది.

నంబర్ ప్లేటు కోసం వచ్చిన ఒకాయన బైకు దిగకుండానే, "అక్కా, బొమ్మ రైలు మస్తుంది. అమ్ముతరా?" అన్నాడు.

"బొమ్మ గాదు, ఇంజన్," అంది కాంతవ్వ. "పార్టీ బండి, అమ్మేది గాదు. జర పక్కకు పెట్టుకో, పూజ నడుస్తున్నది."

పట్టాల మీద చక్రాల ముందు ప్రమోద్ ఒక్కో ఆవగింజ పెట్టాడు. ఒకటి వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. నిరోష వంగి, దాన్ని సూది మొనతో తీసి పట్టా మీద నిలబెట్టింది.

కాంతవ్వ కర్పూరం వెలిగించి, "ఓనర్ పేరు చెప్పు" అంది.

"ప్రమోద్," అన్నాడు. ఆగాడు. తలమీద నుంచి మెట్రో రైలు వెళ్లింది. అది దాటేదాకా కూడా ఆగాడు. "ఇద్దరి పేర్ల మీద చెయ్యండి ఆంటీ. ప్రమోద్, నిరోష. ఆమె ఒప్పుకుంటేనే."

బైకాయన హెల్మెట్ తీసేశాడు.

నిరోష ఈసారి ముందు అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఇంజన్‌ను చూడటం మర్చిపోయింది.

"నాకు సగం ఇంజన్ అక్కర్లేదు," అంది మెల్లగా. "రాస్తే మొత్తం ఇద్దరి పేరు మీదనే రాయాలె."

కాంతవ్వ కూతుర్ని చూసింది. ప్రమోద్‌ను కిందినుంచి పైదాకా చూసింది, కొత్త బండిని చూసినట్టే. కర్పూరం పళ్లెంలో కరిగిపోతోంది.

"గోత్రం ఏంది బిడ్డా?"

"అమ్మా," అంది నిరోష, చెవులు ఎర్రబడుతుండగా. "పూజకేనా అడుగుతున్నవ్?"

"ముందుగాలైతే పూజకే," అంది కాంతవ్వ. "ఇగ పోనియ్యి."