ఓ మేస్త్రీ, రేపు రా

"రేపొస్తానన్నారుగా మేస్త్రీ గారూ, అది ఏ రేపు?"

నరసరావుపేట బరంపేటలో, తమ ఇంటి పెరటి గుమ్మంలో కొంగు నడుముకు బిగించి నిలబడి మహమూదా అడిగింది. మున్సిపల్ స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పే పిల్ల కదా, ప్రశ్న వేస్తే జవాబు వచ్చేదాకా వదలదు.

నిలదీయించుకుంటున్నవాడు అబ్దుల్ గఫార్. ఇరవై ఏడేళ్లవాడు. తండ్రి దగ్గర తాపీ పని నేర్చుకుని, సొంతంగా కంట్రాక్టు పనులు పట్టడం మొదలుపెట్టి ఏడాదైంది. చేసిన పనికి ఊళ్లో వంక పెట్టినవాడు లేడు. ఆ పేరు విని పిలిస్తే, మహమూదా వాళ్ల పెరట్లోనే అతనికి ఏదో గాలి సోకింది.

"రేపు తప్పకుండా వస్తానండీ టీచర్ గారూ," అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఒళ్లు మండదూ మరి? ఇది ఎనిమిదో రేపు.

కట్టమన్నది తాజ్‌మహలేం కాదు. పెరట్లో ఒక స్నానాల గది, పక్కన ఒక లెట్రిన్. గోడలు భుజాల ఎత్తు లేచాయి, వెనక గోతిలో సిమెంటు వరలు దిగాయి. అక్కడితో ఆగిపోయింది. కప్పు లేదు, తలుపు లేదు, లోపల గచ్చు లేదు. మిగిలిన ఇటుకల సందులో పక్కింటి వెంకటరమణమ్మ గారి కోడిపెట్ట కాపురం పెట్టి గుడ్లు కూడా పొదుగుతోంది.

మహమూదాకి ఇల్లు అందంగా కనపడాలన్న సరదా ఏమీ లేదు. ఆమె బాధంతా వాళ్ల అమ్మ గురించి. తండ్రి పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. మొన్న రంజాన్ నెలలో జైనాబ్ బీ బావి గట్టున జారి పడింది. కాలు విరిగింది. పట్టీ విప్పాక నడక వచ్చింది గానీ మోకాలు వంగడం మానేసింది. అప్పటి నుంచి రోజూ తెల్లవారకముందే కూతురి చెయ్యి పట్టుకుని రైలు కట్ట పక్కన తుమ్మచెట్ల దాకా కుంటుకుంటూ పోవడం, అక్కడ కూతురి రెండు భుజాలూ పట్టుకుని వంగీ వంగకుండా అవస్థ పడటం. తిరిగొచ్చేటప్పుడు ఆమె కళ్లు తుడుచుకునేది. మహమూదా చూడనట్టు నటించేది. వానలు ముదిరేలోగా పెరట్లో ఆ గది లేస్తే చాలు, అమ్మ పరువుగా బతుకుతుందని ఆ పిల్ల ఆశ.

పని మొదలైన కొత్తలో గఫార్ బాగానే కుదిరాడనిపించింది. ప్రతి ఇటుకనూ వేలితో కొట్టి, మోత విని గాని గోడలో పెట్టేవాడు కాదు. పునాదికి అడ్డమొచ్చిన కరివేపాకు మొక్కను కొట్టెయ్యకుండా మట్టిగడ్డతో సహా తవ్వి గోడవార నాటాడు. మహమూదా స్కూలుకు వెళ్తూ వెళ్తూ ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. చూసింది మొక్కనే అని తనకు తాను చెప్పుకుంది.

ఆ తర్వాత ఒకరోజు అతను చేసిన పని చూసి ఆమెకు అనుమానమొచ్చింది. జైనాబ్ బీ వసారాలో చెక్క కుర్చీలోంచి లేచి లోపలికి పోతుంటే, గఫార్ అటూ ఇటూ చూసి, టేపు తీసి ఆ కుర్చీ ఎత్తు కొలుచుకున్నాడు. పదిహేడు అంగుళాలు అని అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. గోడ కొలవాల్సినవాడు కుర్చీ కొలుస్తున్నాడేంది అని మహమూదా ఆశ్చర్యపోయింది. సరిగ్గా ఆ మర్నాటి నుంచే రేపులు మొదలయ్యాయి. ఎందుకు ఆగిందని అడిగితే చెవులు ఎర్రబడతాయి, నీళ్లు నములుతాడు.

అదే జూన్ నెలలో పేటలో దెయ్యం పుకారు లేచింది. ఎవరో ఆడమనిషి తలుపు కొడుతుందట, తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట, పలికితే అంతేనట. తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాస్తే చదువుకుని వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చినా రేపు రా అనే ఉంటుంది గనక మళ్లీ వెళ్లిపోతుందట. వెంకటరమణమ్మ గారు వీధిలో అందరి తలుపుల మీదా రాయించి, చివరికి టీచరమ్మ మీద పడింది.

"మా క్లాసులో సగం మందికే చదవడం రాదు అత్తయ్యా, దెయ్యానికెట్లా వస్తది?" అంది మహమూదా.

కానీ జైనాబ్ బీ భయపడింది. ఆడవాళ్లు ఇద్దరే ఉన్న ఇల్లాయె, పోయేదేముంది, రాయమంది. సరేనని మహమూదా వీధి తలుపు మీదా, సందులోకి తెరుచుకునే పెరటి తలుపు మీదా సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఎనిమిదో రేపు చెప్పి గఫార్ వెళ్లిన సాయంత్రం, పెరటి తలుపు వెయ్యబోతూ ఆమె ఆ రాత వంక చూసింది. రేపు, రేపు. ఉన్న ఉక్రోషమంతా చేతిలోకి వచ్చింది. పిల్లల కాపీ పుస్తకాలు దిద్దే అలవాటు కదా, "ఓ"కీ "స్త్రీ"కీ మధ్య కింద చక్కగా హంసపాదు గీసి, పైన "మే" అని చేర్చింది.

ఓ మేస్త్రీ రేపు రా.

కసి తీరింది. తనలో తనే నవ్వుకుని పడుకుంది.

మర్నాడు మేస్త్రీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు, నాలుగో రోజు కూడా జాడ లేదు. అంతకుముందు కనీసం వచ్చి రేపు అని చెప్పి పోయేవాడు, ఇప్పుడు ఆ ముక్క చెప్పే దిక్కు కూడా లేకపోయింది. విచిత్రమేమిటంటే ఆమెకు కోపంతో పాటు దిగులు కూడా వేసింది. గోడ కోసమే ఈ దిగులని సర్దిచెప్పుకోబోయింది గానీ, మనసు ఈసారి ఒప్పుకోలేదు.

అయిదో రోజు తెల్లవారుజామున వాన దంచింది. గొడుగు కింద తల్లీకూతుళ్లు రైలు కట్ట దగ్గరికి చేరేసరికి జైనాబ్ బీ కాలు బురదలో జారింది. దెబ్బ తగల్లేదు. కానీ ఆ బురదలోనే కూలబడి, "నన్నిట్టా ఎన్నాళ్లు మోస్తావే తల్లీ" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇంటికొచ్చి తల్లికి వేణ్ణీళ్లు పోసి, మహమూదా ఆ రోజు స్కూలుకు సెలవు పెట్టింది. చెప్పులు వేసుకుని నేరుగా పల్నాడు రోడ్డు పక్క సందులో ఉన్న గఫార్ ఇంటికి పోయింది. వాళ్లమ్మ ఖైరున్నీసా ఆమెను ఎగాదిగా చూసి, ఏమనుకుందో ఏమో, వెనక పాకలో ఉన్నాడమ్మా అని దారి చూపించింది.

పాకలో గఫార్ గొంతుక్కూర్చుని ఏదో రుద్దుతున్నాడు. ఆమెను చూడగానే గతుక్కుమని లేచి, ఆ వస్తువు మీద గోనెపట్టా కప్పేశాడు.

"నాలుగు రోజులు ఏ ఊరు పోయారు?" అందామె.

"నాలుగు రోజులూ వచ్చానండీ. ఇద్దరు కూలీల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాను. మీ తలుపు చదువుకుని తిరిగి పోయాను."

"ఏంది?"

"మేస్త్రీ రేపు రా అని రాశారుగా. మీరు చదువుకున్నవాళ్లు, ఏదో కారణం ఉండే రాశారనుకున్నా. ఇంటివాళ్లు వద్దన్నాక లోపలికెట్టా వస్తాం?"

మహమూదా మనసులో వేళలు లెక్క వేసుకుంది. అతను పనిలోకి వచ్చేది తెల్లవారుజామున సుబా నమాజు కాగానే. ఆ వేళకు తనూ అమ్మా రైలు కట్ట దగ్గర ఉంటారు. గది లేక అక్కడికి పోతున్నారు, అక్కడికి పోవడం వల్ల గది కట్టేవాడు కనపడకుండా పోతున్నాడు.

"ఒకరోజు తిరిగి పోయారు, సరే. రెండో రోజూ అదే ఉంటే అర్థం కాదా?"

"ఊరందర్నీ భయపెట్టే దెయ్యమే అర్థంగాక రోజూ తిరిగి పోతోంది. నేనెంత వాణ్ణండీ."

అంత కోపంలోనూ ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే లోకువైపోతానని పెదవి కొరుక్కుని, "ఆ గోనె కింద ఏముంది?" అని అడిగింది. అతను అడ్డం నిలబడ్డాడు. ఎవరి పనో ముందేసుకుని మా పని ఎగ్గొట్టారా అని ఆమె గోనె లాగేసింది.

కింద మొజాయిక్ దిమ్మ ఉంది. కుర్చీ అంత ఎత్తు. నల్లవీ తెల్లవీ రాతి చిప్స్ పోసి, అంచులు గుండ్రంగా, అద్దంలా నున్నగా సానబట్టి ఉంది. రెండు పక్కలా పట్టుకు లేవడానికి ఇనప గొట్టాలు వంచి బిగించాడు. మధ్యలో గుండ్రటి ఖాళీ. పదిహేడు అంగుళాలు.

మహమూదాకు సంగతి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక వంగి ఆ నున్నటి అంచును వేళ్లతో తడిమింది.

గఫార్ గోడకేసి తిరిగి మాట్లాడాడు. "పిన్నమ్మకు మోకాలు వంగదు గదండీ. అందరికీ కట్టినట్టు కింద కూర్చునేది కడితే, ఎంత బాగా కట్టినా ఆమెకు పనికి రాదు. గుంటూరు పెద్దాసుపత్రిలో కూర్చునేది ఉందని విని పోయి చూసొచ్చాను. మొదటిది అచ్చు తొందరపడి విప్పితే చీలింది. రెండోది గరుకొచ్చింది. ఇది మూడోది, నాలుగు రోజుల కిందటే కుదిరింది. గచ్చు పోసేటప్పుడే దీన్ని కూర్చోబెట్టాలి, అందుకే పని ఆపాను."

"ఈ ముక్క ముందే చెబితే మీ సొమ్మేం పోయింది?"

"నోరు రాలేదండీ. ఆ గది సంగతి... మీతో ఎట్టా చెప్పేది."

"నాతో ఏమైంది? ఎన్ని ఇళ్లలో కట్టలేదు మీరు, వాళ్లందరికీ చెప్పరా?"

"చెబుతాను. ఇంకెవరికైనా చెప్పేవాణ్ణే," అన్నాడు గఫార్. అని, చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

ఆ మాట ఎంత దూరం పోతుందో ఇద్దరికీ తెలిసింది. పాక మీద వాన పడుతోంది. అయిదు రోజులుగా దాచుకున్న దిగులు ఒక్కసారి ఎటో కొట్టుకుపోయి, మహమూదాకు ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది. తన తల్లి పడే బాధను, తను నోరు విప్పి చెప్పలేని బాధను, చెప్పకుండానే చూసి కుర్చీ కొలుచుకుపోయినవాడు.

"రేపు కాదు, ఇవాళే రండి," అని మాత్రం అని గొడుగు తీసుకుంది.

అతను ఆ రోజే వచ్చాడు. తొమ్మిది రోజులు ఒక్క పూట మానలేదు. దిమ్మ కూర్చుంది, గచ్చు ఆరింది, నాపరాళ్ల కప్పు పడింది, తలుపు బిగిసింది. కోడిపెట్ట పిల్లల్ని వెంటేసుకుని స్వగృహానికి వెళ్లిపోయింది. మహమూదా స్కూలు నుంచి త్వరగా రావడం మొదలుపెట్టింది. రెండు పూటలా టీ ఇచ్చేది. చక్కెర ఎక్కువైందని అతను ఒక్కసారీ అనలేదు, చాలదని ఒక్కసారి అన్నాడు.

పదో రోజు ఉదయం జైనాబ్ బీ ఒక్కతే లోపలికి వెళ్లి, ఒక్కతే తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఎవరి భుజమూ పట్టుకోలేదు. గఫార్ తల మీద చెయ్యి పెట్టి, "నా కాళ్లు నాకు తెచ్చిచ్చావు నాయనా," అంది. అతను తల వంచుకుని తాపీ కడుక్కోవడానికి పోయాడు. అంతకన్నా అతనికి చేతకాదు.

సామాను సంచిలో సర్దుకున్నాక మహమూదా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పని అయిపోయిందండీ. ఇంక రేపు రానక్కర్లేదు."

ఎన్ని రేపులకు తిట్టింది ఆ పిల్ల. ఇప్పుడు ఆ రేపు లేదనేసరికి గుండెలో రాయి పడింది. అతనేమో చూస్తున్నాడు తప్ప నోరు విప్పడం లేదు. ఈ మనిషి నోటికోసం కాచుక్కూర్చుంటే తెల్లారినట్టేనని ఆమెకు అర్థమైపోయింది.

బడి సంచిలోంచి సుద్దముక్క తీసింది. పెరటి తలుపు దగ్గరికి పోయి, "రేపు"కీ "రా"కీ మధ్య హంసపాదు గీసింది. పైన "మీ అమ్మతో" అని రాసి, చేతులు దులుపుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

గఫార్ ఒకసారి చదివాడు. వేలు పెట్టుకుని రెండోసారి చదివాడు. సంచి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

లోపల మహమూదా కిటికీలోంచి అది చూసింది. వద్దని వెళ్లాడా? లేక తలుపు రాతను మళ్లీ తనకు తోచినట్టు చదువుకున్నాడా? మధ్యాహ్నమంతా బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఏరిన రాళ్లు మళ్లీ బియ్యంలోనే వేసింది. జైనాబ్ బీ అది చూసి, పెరట్లోకి పోయి తలుపు మీది రాత చదివి వచ్చింది.

పొద్దు వాలకముందే పెరటి తలుపు చప్పుడైంది. గఫార్ వాళ్లమ్మతో వచ్చాడు. ఖైరున్నీసా చేతిలో పటికబెల్లం పొట్లం, మల్లెపూలు ఉన్నాయి. ఆమె సలాం చెప్పి, కూర్చుని, మీ పిల్లను మా పిల్లవాడికి అడగడానికి వచ్చామని ఉన్నమాట చెప్పేసింది.

జైనాబ్ బీ నవ్వు దాచుకుంటూ, "రేపు గదయ్యా రమ్మని రాసింది," అంది గఫార్‌తో.

"నా రేపు మీద నాకే నమ్మకం లేదు పిన్నమ్మా," అన్నాడు గఫార్.

జైనాబ్ బీ కూతురి వంక చూసింది. మహమూదా తడిగుడ్డ తీసుకుని పెరటి తలుపు దగ్గరికి వెళ్లింది. గోడ అవతల నుంచి వెంకటరమణమ్మ గారు కంగారుగా, అది తుడిచేస్తావేందే, దెయ్యం లోపలికొస్తదే అంది.

"ఇంక రేపు అక్కర్లేదు అత్తయ్యా," అంది మహమూదా. మధ్యలో "రేపు", "మీ అమ్మతో" అన్న రెండు ముక్కలే తుడిచింది. తలుపు మీద "ఓ మేస్త్రీ రా" అని మిగిలింది.